తాతయ్య ఊరెళ్ళారని చెప్పేశాం. ఇప్పుడు ఏ బొమ్మల పుస్తకంతో నిజం చెప్పాలి?

గోదారిగట్టు అమ్మ | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా మామగారు పోయి ఇరవై మూడు రోజులైంది. రాజమండ్రిలో మాతోనే ఉండేవారు. మా బాబుకి నాలుగున్నరేళ్ళు. పొద్దున్న పాలు తాగించడం దగ్గర్నుంచి రాత్రి కథ చెప్పడం దాకా అంతా తాతయ్యే. ఆయన పోయిన రోజు తెల్లవారకముందే మా చెల్లి వచ్చి వాడిని వాళ్ళింటికి తీసుకెళ్ళిపోయింది. పెద్దకర్మ అయ్యాకే మళ్ళీ ఇంటికి తెచ్చాం. గుమ్మంలోకి వస్తూనే "తాతయ్య ఏరీ" అన్నాడు. చుట్టాల్లో ఎవరో "ఊరెళ్ళారు నాన్నా" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆయన కళ్ళజోడు టీవీ పక్కనే ఉండిపోయింది. "తాతయ్య అద్దాలు మర్చిపోయారు, అక్కడ పేపర్ ఎలా చదువుకుంటారు, ఫోన్ చెయ్యి" అని రోజూ గొడవ. నిన్న సాయంత్రం ఆ కళ్ళజోడు తన బడి సంచీలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. చివరికి నన్ను అడిగాడు: "తాతయ్య వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళారు కదమ్మా, అందుకే రావట్లేదా?"

మా ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళినా "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలని వాడికి నేర్పింది ఆయనే.

నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. వాడికి బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. చావు గురించి చిన్నపిల్లలకి చెప్పే పుస్తకాలు ఉన్నాయా? తెలుగులో ఉన్నాయా? ఒకసారి అబద్ధం చెప్పేశాక ఇప్పుడు మాట మారిస్తే వాడు ఇంకా భయపడిపోతాడేమో అని టెన్షన్‌గా ఉంది.

పిల్లల వార్డు | శుక్రవారం, రాత్రి 11:25

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు. మాట మార్చవచ్చు, మార్చాలి కూడా. "ఆ రోజు మాకు చాలా ఏడుపొచ్చింది, నీకెలా చెప్పాలో తెలియక ఊరెళ్ళారని చెప్పాం. అది నిజం కాదు" అనండి. పిల్లలు దీన్ని మనం అనుకున్నంత కష్టంగా తీసుకోరు. ఎదురుచూసి ఎదురుచూసి తాతయ్యకి తనమీద ప్రేమ లేదని అనుకోవడమే వాళ్ళకి ఎక్కువ బాధ.

నేను పిల్లల డాక్టర్ని, విశాఖలో పని చేస్తాను. నాలుగైదేళ్ళ పిల్లలకి చావు అనేది ఒకే ముక్కగా అర్థం కాదు. అందులో నాలుగు విషయాలున్నాయి. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. వాళ్ళ ఒళ్ళు పని చేయడం ఆగిపోతుంది, అంటే ఆకలి, చలి, నొప్పి ఏమీ ఉండవు. దానికి శరీరంలో ఒక కారణం ఉంటుంది. ప్రాణం ఉన్న ప్రతిదానికీ ఎప్పటికో ఒకప్పటికి అది వస్తుంది. మీ బాబు అద్దాల గురించి అడుగుతున్నాడంటే రెండో విషయం దగ్గర ఆగిపోయాడన్నమాట. తాతయ్య ఎక్కడో ఉన్నారు, చదువుకోవడానికి అద్దాలు కావాలి అనుకుంటున్నాడు. వాడి వయసుకి అది సరిగ్గా రావలసిన ఆలోచనే.

1948లో మరియా నాగీ అనే ఆవిడ హంగరీలో 3 నుంచి 10 ఏళ్ళ మధ్య పిల్లలు 378 మందితో మాట్లాడి రాసిన వ్యాసం ఈ విషయంలో పాతకాలపు పెద్ద పని. బాగా చిన్నపిల్లలు చావుని ఒక ప్రయాణంలాగా, నిద్రలాగా అనుకుంటున్నారని ఆవిడ గమనించారు. వయసుల లెక్కలు తర్వాత చాలామంది సవరించారు కానీ ఈ గమనిక మాత్రం ఇప్పటికీ మా వార్డులో రోజూ కనిపిస్తుంది.

ఇంకో మాట. మన తెలుగులో చావుకి వాడే మాటలన్నీ చూడండి. పోయారు, వెళ్ళిపోయారు, దాటిపోయారు, పైకెళ్ళారు. అన్నీ ప్రయాణాలే. బడికి పోయినా "పోయాడు" అనే అంటాం. పెద్దవాళ్ళకి తేడా తెలుసు, పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని "చనిపోయారు" అన్న మాట ఒక్కసారైనా నోటితో అనండి. పుస్తకం ఏదైనా సరే, ఆ మాట మీ గొంతులోనే వినాలి వాడు.

డల్లాస్ బాబాయ్ | శనివారం, ఉదయం 6:10

అక్కా, చాలా బాధగా ఉంది చదువుతుంటే. మా నాన్నగారు కోవిడ్‌లో పోయినప్పుడు మేం ఇక్కడ చిక్కుకుపోయాం. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాం. అప్పుడు మా పాపకి ఐదేళ్ళు. ఫోన్‌లో తాతయ్యని చూడటం అలవాటే కాబట్టి, అదీ ఒక వీడియో కాల్ అనుకుంది. "తాతయ్య ఎందుకు మాట్లాడట్లేదు, నెట్ పోయిందా" అంది.

ఇక్కడి లైబ్రరీలో పిల్లల విభాగంలో అడిగితే ఆవిడ ఐదారు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టారు. మాకు బాగా పనికొచ్చింది సూసన్ వార్లీ రాసి బొమ్మలు వేసిన "బ్యాడ్జర్స్ పార్టింగ్ గిఫ్ట్స్". 1984 నాటిది. బ్యాడ్జర్ అంటే బొరియల్లో ఉండే ఒక జంతువు. కథలో ముసలి బ్యాడ్జర్ చనిపోతుంది. మొదట స్నేహితులందరూ దుఃఖంలో మునిగిపోతారు. తర్వాత ఒక్కొక్కరూ బ్యాడ్జర్ తమకి ఏం నేర్పిందో చెప్పుకుంటారు. మోల్ అనే చిన్న జంతువుకి మడిచిన కాగితాన్ని కత్తిరించి చేతులు పట్టుకున్న బొమ్మల దండ చేయడం నేర్పింది. కప్పకి మంచుమీద జారడం, నక్కకి టై ముడి వేయడం. మా పాప అక్కడ పుస్తకం మూసేసి "తాతయ్య నాకు ఈల వేయడం నేర్పారు" అంది. ఆ రోజు మొదటిసారి తను తాతయ్య గురించి జరిగిపోయిన మాటలా మాట్లాడింది.

ఒక జాగ్రత్త. బ్యాడ్జర్ మంటపక్కన కుర్చీలో నిద్రపోతుంది, పొడవాటి సొరంగంలో పరుగెత్తినట్టు కల వస్తుంది, అలాగే చనిపోతుంది. ఆ పేజీ దగ్గర ఆగి, "ఇది ముసలిది కదా, ఒళ్ళు పూర్తిగా అలిసిపోయింది. మనం రాత్రి పడుకుంటే పొద్దున్న లేస్తాం" అని చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే మా పాప నిద్రకి భయపడేది.

బ్రయన్ మెలోనీ రాసి రాబర్ట్ ఇంగ్‌పెన్ బొమ్మలు వేసిన "లైఫ్‌టైమ్స్" కూడా తెచ్చాం. ఆస్ట్రేలియా పుస్తకం, 1983. అందులో కథ లేదు. పువ్వులు, సీతాకోకచిలుకలు, పక్షులు, మనుషులు, ఒక్కొక్కదానికీ ఒక ఆయుష్షు, మొదలూ చివరా, మధ్యలో బతుకు. ఏడుపు రాకుండా చదవగలిగిన పుస్తకం అదొక్కటే.

అమ్మమ్మ కథలు | శనివారం, ఉదయం 7:35

అమ్మాయ్, నీ మామగారి ఆత్మకి శాంతి కలగాలి. పిల్లాడి సంగతి చదివి పొద్దున్నే కళ్ళు తుడుచుకున్నాను.

కానీ ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నాకు డెబ్బై రెండు. మా తాతగారు పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. శవాన్ని వసారాలో పడుకోబెట్టారు, మేమందరం అక్కడే ఉన్నాం. మా నాయనమ్మ ఏడుస్తుంటే ఆవిడ ఒళ్ళోనే కూర్చున్నాను. తాతగారి కాళ్ళకి దండం పెట్టమంటే పెట్టాను. కాళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనంతోనే నాకు తెలిసిపోయింది. ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. ఇప్పుడు మీరు పిల్లల్ని పొద్దున్నే పక్క ఊరికి పంపేస్తున్నారు, పదకొండు రోజులు దాచేస్తున్నారు, తర్వాత పుస్తకం కొంటామంటున్నారు. నాకు అక్కడే బాధ.

ఇంకొకటి. దేవుడి దగ్గరికి వెళ్ళారు అని చెప్తే తప్పేమిటి? మేమందరం అలాగే పెరిగాం.

పిల్లల వార్డు | శనివారం, ఉదయం 9:02

అమ్మమ్మగారూ, మీ మొదటి మాటకి నేను చేతులెత్తి దండం పెడతాను. కాళ్ళు చల్లగా ఉన్నాయి అన్నారే, ఏ పుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు. పిల్లలకి ఇష్టమైతే, పక్కన ఒక మనిషి ఉండి ఏం చూడబోతున్నారో ముందుగా చెప్తే, చివరి చూపుకి ఉంచడమే మంచిదని నేనూ చెప్తాను. మనం ఉమ్మడి వసారాల నుంచి అపార్ట్‌మెంట్లకి వచ్చాం. మనుషులు ఎక్కువగా ఆస్పత్రుల్లో పోతున్నారు. అక్కడ చూడటానికి లేకుండా పోయినదాన్ని పుస్తకంలో చూపించాల్సి వస్తోంది.

దేవుడి మాట గురించి. మీ నమ్మకాన్ని పిల్లలకి చెప్పండి, తప్పకుండా చెప్పండి. వరస ఒక్కటే మార్చమంటాను. ముందు శరీరం సంగతి: "తాతయ్య గుండె ఆగిపోయింది, డాక్టర్లు ప్రయత్నించినా మళ్ళీ కొట్టుకోలేదు, చనిపోయారు." ఆ తర్వాత: "ఆయన దేవుడి దగ్గర ఉన్నారని మనం నమ్ముతాం." రెండోది మాత్రమే చెప్తే ఏమవుతుందో నేను చూశాను. "దేవుడు తీసుకెళ్ళిపోయాడు" అని విన్న ఒక ఆరేళ్ళ పాప గుడి ముందు నడవడం మానేసింది. తననీ తీసుకెళ్తాడేమోనని.

గుంటూరు వాణి | శనివారం, ఉదయం 10:48

మాది క్రైస్తవ కుటుంబం. మాలో "ప్రభువునందు నిద్రించారు" అంటాం. సమాధి రాయి మీద, ఆరాధన కార్డు మీద, పాస్టరుగారి ప్రార్థనలో అదే మాట. మా అమ్మ పోయినప్పుడు మా ఏడేళ్ళ బాబు ఆ కార్డు తనే చదువుకున్నాడు. నెల రోజులు రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. నేను కాస్త కునుకు తీస్తే చాలు, వేలితో నా కనురెప్ప ఎత్తి చూసేవాడు. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఈ పైన నిద్ర గురించి రాసింది చదివాక ఇప్పుడు తెలుస్తోంది.

మా మాటని నేను వదులుకోను, అది మాకు ఆదరణ ఇచ్చే మాట. కానీ ఆ కార్డు వాడి చేతికి ఇచ్చే ముందు రెండు నిమిషాలు కూర్చుని చెప్పి ఉండాల్సింది.

మొదటిబెంచీ టీచర్ | శనివారం, మధ్యాహ్నం 1:15

నేను నల్గొండ జిల్లాలో ప్రైమరీ స్కూల్ టీచర్ని. చాలామంది పిల్లలకి మొదటి చావు మనిషిది కాదు, కోడిపిల్లది. జాతరలో రంగులేసిన కోడిపిల్లలు అమ్ముతారు కదా, గులాబీ, ఆకుపచ్చ, పసుపు. తెచ్చిన కొద్దిరోజులకే చాలావరకు చనిపోతాయి.

నా బిడ్డకి అలాగే ఒక గులాబీరంగు పిల్లని కొనిచ్చాను. నాలుగో రోజు తెల్లారి అట్టపెట్టెలో కాళ్ళు చాపి పడి ఉంది. తను లేవకముందే తీసి పారేసి, మా ఆయన్ని పంపించి ఇంకోటి తెప్పించి పెట్టాను. లేచి చూసింది. చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, "ఇది నాది కాదు. నాదానికి ముక్కు మీద రంగు లేకుండె. నాది ఏది?" అంది. నేను "అదే బిడ్డా" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ కొత్త కోడిపిల్లని ఎన్నడూ ముట్టుకోలేదు. ఇప్పుడు తనకి పద్నాలుగేళ్ళు, ఆ సంగతి ఇంకా గుర్తుంది. "నువ్వు అబద్ధం చెప్పినవ్ అమ్మా" అని మొన్న కూడా అన్నది.

అప్పటినుంచి మా తరగతిలో ఏ పిట్ట చనిపోయి కనిపించినా దాచను. ఒకసారి వరండాలో పిచ్చుక పడి ఉంది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన "ది డెడ్ బర్డ్" అని ఒక పాత అమెరికా పుస్తకం ఉంది. అందులో పిల్లలకి చనిపోయిన పక్షి దొరుకుతుంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంటుంది కానీ గుండె కొట్టుకోదు. తర్వాత చల్లబడి బిర్రబిగుసుకుంటుంది. గొయ్యి తీసి, ఆకుల్లో చుట్టి, పాట పాడి పూడ్చి పూలు పెడతారు. మర్చిపోయేదాకా రోజూ వచ్చి పాడతారు. ఆ "మర్చిపోయేదాకా" అన్న మాట నాకు చాలా ఇష్టం. పిల్లలకి మర్చిపోవడానికి కూడా అనుమతి ఇచ్చిన పుస్తకం అది. 2016లో క్రిస్టియన్ రాబిన్సన్ కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చింది.

మేం అదే చేశాం. మోదుగాకులో చుట్టి వేపచెట్టు కింద పెట్టినం. తర్వాత డ్రాయింగ్ షీట్లు మడిచి కుట్టి, పిల్లలతోనే ఒక పుస్తకం చేయించాను. పేజీకి ఒక బొమ్మ, కింద ఒక వాక్యం, వాళ్ళు చెప్పినట్టే. "పిట్ట చల్లగయింది." "రాజు మట్టి ఏసిండు." "మేం అన్నం తిన్నం." మూడోది తీసేయాలా అని ఆలోచించి ఉంచేశాను. వాళ్ళకి ఆ రోజు అన్నం తినడం కూడా కథలో భాగమే.

తెలుగులో కొనడానికి దొరక్కపోతే ఇలా చేసుకోవచ్చు అక్కా. మీ బాబుకి వాళ్ళ తాతయ్య ఫోటోలతో.

హిందూపురం నాన్న | శనివారం, సాయంత్రం 4:20

లేపాక్షి మాకు దగ్గర. పాప ఇంట్లో బొమ్మల రామాయణం చూస్తూ జటాయువు పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగేది. సీతమ్మ కోసం రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన పక్షి. లేపాక్షి తీసుకెళ్ళి ఆ పెద్ద జటాయువు విగ్రహం చూపించి, రాముడు "లే పక్షీ" అన్నాడు కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం చెప్పాను. వెంటనే అడిగింది: "మరి లేచిందా?"

ఏం చెప్పాలో తోచలేదు. లేచిందంటే తప్పు. లేవలేదంటే రాముడి మాట నెగ్గలేదా అంటుంది. "లేవలేదమ్మా. రాముడు ఒళ్ళో పెట్టుకున్నాడు. సీతమ్మ ఎటు పోయిందో చెప్పి చనిపోయింది. రాముడు ఏడ్చి, తండ్రికి కొడుకు చేయాల్సినట్టే దానికి దహనం చేశాడు" అన్నాను. పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రాముడు కూడా ఏడ్చాడా" అంది. రెండేళ్ళ తర్వాత మా అమ్మ పోయినప్పుడు నేను ఏడుస్తుంటే, నా దగ్గరికొచ్చి తల నిమిరి "రాముడు కూడా ఏడ్చాడు నాన్నా" అంది.

విదేశీ పుస్తకాలు మంచివే, నేను కాదనను. మన ఇళ్ళలో ఉన్న బొమ్మల పుస్తకాల్లో కూడా చావు ఉంది. ఆ పేజీలు మనం గబగబా తిప్పేస్తున్నాం.

బొమ్మల చెయ్యి | శనివారం, రాత్రి 8:55

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, హైదరాబాద్‌లో ఉంటాను. కథ గురించి అందరూ చెప్పారు కాబట్టి నేను బొమ్మ గురించి చెప్తాను.

పిల్లలు చదివేది బొమ్మనే. వోల్ఫ్ ఎర్ల్‌బ్రుఖ్ అని జర్మనీ చిత్రకారుడు, 2006లో పిల్లల పుస్తకాలకిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది. ఆయన బాతూ, మృత్యువూ, ట్యులిప్ పువ్వూ మీద ఒక పుస్తకం చేశారు. మృత్యువుకి పుర్రె తల, గళ్ళ గౌను, వెనక చేతిలో ఒక పువ్వు. భయపెట్టదు. బాతుతో కలిసి చెరువుకి వెళ్తుంది, మృత్యువుకి చలేస్తే బాతు దానిమీద పడుకుని వెచ్చబరుస్తుంది. పేజీల్లో దాదాపు ఏమీ ఉండదు. బాతు, మృత్యువు, చుట్టూ ఖాళీ. చివర బాతుని పెద్ద నది మీద మెల్లగా వదిలి, ఒంటిమీద ఆ పువ్వు పెడుతుంది. ఆ ఖాళీ జాగాలో పిల్లలు తమ ప్రశ్నలు పెట్టుకుంటారు. మన పుస్తకాల్లో పేజీ నిండా రంగులు పూసేస్తాం. ఇలాంటి కథకి మాత్రం చోటు వదలాలి. అయితే నాలుగున్నరేళ్ళకి, అదీ నెల తిరక్కముందు, ఇది నేను చదవను. పుర్రె ముఖమున్న మృత్యువు ఇంటికొచ్చి తాతయ్యని తీసుకెళ్ళిందని వాడు అనుకోవచ్చు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక చదవండి.

ఇంకొకటి పెద్దవాళ్ళ కోసం చెప్తున్నాను. ఇంగ్లండు పిల్లల రచయిత మైకేల్ రోజెన్ తన కొడుకు ఎడ్డీ 18 ఏళ్ళకే పోయాక, 2004లో తన దుఃఖం మీద ఒక పుస్తకం తెచ్చారు. బొమ్మలు క్వెంటిన్ బ్లేక్‌వి. మొదటి పేజీలో ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటారు. కింద ఏముంటుందంటే, ఇది నేను దుఃఖంలో ఉన్న బొమ్మ, సంతోషంగా ఉన్నట్టు నటిస్తున్నాను అని. ఇరవై మూడు రోజులుగా మీ ఇంట్లో అందరి ముఖాలూ అలాగే ఉండి ఉంటాయి. పిల్లవాడు ఆ నవ్వుని చూస్తూనే ఉంటాడు.

దొరికే చోట్లు చెప్తాను. చెన్నైలోని తూలిక ప్రచురణల వాళ్ళు "గాన్ గ్రాండ్‌మదర్" అని వేశారు, చతురా రావ్ రచన. ఇంట్లో పెద్దావిడ పోయాక చిన్నపిల్ల మనసులో మెదిలే ప్రశ్నలు అందులో ఉన్నాయి, చీరలూ వంటిళ్ళూ మనవే. తోబుట్టువు పోయిన పిల్లల కోసం రిచా ఝా రాసిన "బూ! వెన్ మై సిస్టర్ డైడ్" ఉంది. ఇక ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, వేరే భాషల కథని మీరే తెలుగులోకి మార్చి పెట్టవచ్చు కూడా. తార్నాకలో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళ దగ్గర తెలుగు బొమ్మల పుస్తకాలు చాలా ఉంటాయి, ఒకసారి ఫోన్ చేసి అడగండి.

ఇంగ్లీషు పుస్తకమైతే తెలుగులో చెప్పండి. ఏ భాషలో తాతయ్య వాడికి కథలు చెప్పారో ఆ భాషలోనే.

డల్లాస్ బాబాయ్ | ఆదివారం, ఉదయం 5:50

బొమ్మల మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. ఇక్కడ "సెసమీ స్ట్రీట్" అని పిల్లల టీవీ కార్యక్రమం ఉంది. అందులో కొట్టు నడిపే మిస్టర్ హూపర్ వేషం వేసే విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. వేరే నటుణ్ణి పెట్టొచ్చు, ఊరు మారిపోయాడని చెప్పొచ్చు. వాళ్ళు నిజమే చెప్పారు. 1983 నవంబరు 24న, పండగ సెలవు రోజు, తల్లిదండ్రులు ఇంట్లో ఉంటారని చూసి ప్రసారం చేశారు. పెద్ద పసుపుపచ్చ పక్షి, బిగ్ బర్డ్, అందరి బొమ్మలూ గీసి తెస్తుంది. హూపర్ బొమ్మ ఇవ్వబోతే, ఆయన చనిపోయారు, గుర్తులేదా అంటారు. అయితే వచ్చాక ఇస్తాను అంటుంది. చనిపోయినవాళ్ళు తిరిగి రారు అని పెద్దవాళ్ళు చెప్తారు. ఎందుకిలా జరగాలి అని అడిగితే, ఇలాగే జరుగుతుంది కాబట్టి, అంతే, అంటారు. మా పాపతో కలిసి చూస్తూ నేను కూడా ఆ మాటకి ఏడ్చాను. ప్రతి ఎందుకుకీ జవాబు తయారుగా పెట్టుకోవాలని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

గోదారిగట్టు అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

ఒక్కొక్కరి మాటా రెండుసార్లు చదివాను. మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. ఆవిడ అమ్మమ్మగారి మాట దగ్గర "నిజమే, వాణ్ణి పంపకుండా ఉండాల్సింది" అన్నారు. ఈ రాత్రే చెప్దామనుకుంటున్నాను.

పిల్లల వార్డు | ఆదివారం, మధ్యాహ్నం 2:44

రాత్రి వద్దమ్మా. పొద్దున్న చెప్పండి, రోజంతా మీరు వాడి దగ్గర ఉండే రోజున. పుస్తకం ముందు మీరు ఒక్కరే చదువుకోండి, ఏ పేజీలో గొంతు పూడుకుపోతుందో తెలుస్తుంది. ఏడుపొస్తే ఏడవండి, ఎందుకో చెప్పండి. అర్థమైందా అని పరీక్ష పెట్టకండి. రెండు నిమిషాలు విని ఆడుకోవడానికి వెళ్ళిపోతాడు, అది మనసు లేక కాదు. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతాడు, ప్రతిసారీ అదే జవాబు చెప్పండి. ఇంకొకటి, వాడు అడగకపోయినా చెప్పండి: "నువ్వు చేసినదాని వల్ల, అన్నదాని వల్ల తాతయ్య చనిపోలేదు." కోపంలో "పో తాతయ్యా" అని ఎప్పుడైనా అని ఉంటాడు. అన్ని ఇళ్ళలో పిల్లలూ అంటారు.

నిద్ర, తిండి, ఆట చాలా వారాలపాటు దెబ్బతింటే, లేదా తాతయ్య దగ్గరికి వెళ్ళిపోతానంటూ ఉంటే, పుస్తకాలతో సరిపెట్టకుండా పిల్లల మానసిక నిపుణులకి చూపించండి.

అమ్మమ్మ కథలు | ఆదివారం, సాయంత్రం 6:05

నా మాట మీ అత్తగారికి నొప్పి కలిగించిందేమో అమ్మాయ్, ఆవిణ్ణి అడిగానని చెప్పు. పుస్తకాల విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఆ టీచరమ్మ పిల్లలు కుట్టిన పుస్తకం నాకు నచ్చింది. అన్నం తిన్నం అని రాశారట. మా తాతగారు పోయిన రోజు మేమూ తిన్నాం, పక్కింటివాళ్ళు పెట్టిన పులిహోర. దానికి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు ఇన్నేళ్ళూ.

గోదారిగట్టు అమ్మ | తర్వాతి శుక్రవారం, రాత్రి 9:30

చెప్పాను.

బుధవారం సెలవు పెట్టాను. పుస్తకాలు ఇంకా రాలేదు, అందుకని టీచర్‌గారు చెప్పినట్టు నేనే ఒకటి చేశాను. ఆరు డ్రాయింగ్ షీట్లు మడిచి సూదీ దారంతో కుట్టాను. మొదటి పేజీలో మామగారి చిన్నప్పటి ఫోటో జిరాక్స్. తర్వాత పెళ్ళిఫోటో, మా ఆయన్ని ఎత్తుకున్నది, వీడిని ఎత్తుకున్నది. ఐదో పేజీలో ఆస్పత్రి మంచం నేనే గీశాను. "తాతయ్య గుండె చాలా ఏళ్ళు పని చేసింది. జబ్బు చేసి ఆగిపోయింది. తాతయ్య చనిపోయారు." ఆరో పేజీ ఖాళీగా వదిలాను.

చదివేటప్పుడు మూడో పేజీ దగ్గరే నాకు గొంతు పట్టేసింది. మా అత్తగారు పుస్తకం తీసుకుని మిగతాది ఆవిడే చదివారు. "చనిపోయారు" అన్న మాట ఆవిడ నోటితో వచ్చింది. వాడు ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "రేపు కూడా చనిపోయే ఉంటారా?" అన్నాడు. అవును నాన్నా అన్నాను. "ఎల్లుండి?" అవును. "నా పుట్టినరోజుకి?" అప్పుడు ఏడ్చాడు. చాలాసేపు. తర్వాత లేచి సైకిల్ తొక్కుకోవడానికి వెళ్ళిపోయాడు.

నిన్న, ఇవాళ కూడా అవే ప్రశ్నలు అడిగాడు. అవే జవాబులు చెప్పాం. గేటు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఇవాళ సాయంత్రం కళ్ళజోడు సంచీలోంచి తీసి మా అత్తగారికిచ్చాడు. "తాతయ్యకి ఇంక కళ్ళు పని చేయవు కదా, నువ్వు పెట్టుకో నానమ్మా" అన్నాడు. ఆవిడ పెట్టుకున్నారు. ఆవిడకి అవి సరిపోవు, అయినా పేపర్ తీసి వాడికి కాసేపు చదివి వినిపించారు.

ఆరో పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. వాడే గీస్తాడని వదిలేశాను. టీచర్‌గారూ, మీ పిల్లల పిట్ట పుస్తకం ఫోటోలు పెట్టగలరా? వాడికి చూపిస్తాను.

మొదటిబెంచీ టీచర్ | తర్వాతి శుక్రవారం, రాత్రి 10:02

తప్పకుండా అక్కా. అది బడిలో అలమారాలో ఉంది, సోమవారం తీసి ఇక్కడే పెడతాను. పిల్లలు తిప్పి తిప్పి మధ్యలో ఒక పేజీ చిరిగింది, ముందు దాన్ని అతికించాలి.